టెన్షనర్ తీసిన శుక్రవారం

ఇంజన్లు ఎన్ని రకాలుగా పాడవుతాయో నా సర్వీసులో అన్నీ చూసేశాననుకునేవాణ్ణి. నీళ్లు లేక ఉడికిపోయినవి, ఆయిల్ లేక పట్టేసినవి, వాగు దాటిస్తూ నీళ్లు మింగినవి, ఎలుకలు వైర్లు కొరికినవి, కల్తీ డీజిల్ తాగి పొగ కక్కినవి, అన్నీ నా చేతుల మీదుగా పోయాయి. ఒక్క ఇంజన్ మాత్రం మాట వల్ల పాడైంది. అది బూతు మాటా కాదు, అబద్ధమూ కాదు. ఇద్దరు మంచివాళ్లు రోజూ వాడుకునే మాట. ఇంజన్ ఎలా విప్పాలో చెప్పడానికి ఇప్పుడు మీకు ఫోన్ నిండా వీడియోలున్నాయి. కాబట్టి కొత్తగా పనుల్లో చేరిన మీలాంటి వాళ్లకు నేను ఆ మాట సంగతి చెబుతాను.

నేను పనిచేసింది నల్గొండలో, సర్కారు బండ్లకు మరమ్మతులు చేసే ఒక వర్క్‌షాపులో. ఏ శాఖదో అడగకండి. పేర్లు కూడా చెప్పను. ఇందులో ఉన్నవాళ్లంతా ఇంకా నాతో మాట్లాడుతున్నారు, ఆ మాటలు అలాగే సాగాలని నా కోరిక. మాది మోత్కూర్ వైపు మగ్గాల ఇల్లు. బాపు ఓపిక ఉన్నన్నాళ్లూ నేశాడు. నాకు మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కదలకుండా కూచునే స్వభావం లేదు. ఐటీఐ చదివి స్పానర్ పట్టాను, చివరికి ఫోర్‌మన్‌గా రిటైరయ్యాను. ఫోర్‌మన్ అంటే చేతికి గ్రీజు తగ్గి నెత్తికి నొప్పి పెరిగిన మెకానిక్ అని అర్థం చేసుకుంటే చాలు.

మా దగ్గర ఒక పెద్ద మెకానిక్ ఉండేవాడు. నల్గొండలోనే పుట్టి పెరిగిన ముస్లిం. వర్క్‌షాపులో అందరికీ చాచా. నాకంటే కొద్దిగా పెద్ద కాబట్టి నేను ‘భాయ్’ అనేవాణ్ణి. పొడుగాటి మనిషి, తెల్లటి గడ్డం. పొద్దున రాగానే ఇస్త్రీ చొక్కా విప్పి మేకుకు తగిలించి, ఖాకీ కోటు తొడుక్కునేవాడు. పని చేసేటప్పుడు నోరు విప్పడు, పని అయ్యాక నోరు మూయడు. మాట విషయంలో మహా పట్టింపు. “నేను అన్ననంటే అన్న, అనలేదంటే అనలే” అని తేల్చేసేవాడు. ఆయనతో వాదించి గెలిచినవాణ్ణి నేనైతే చూడలేదు. రిటైర్‌మెంట్‌కు దగ్గరపడ్డాక ఆ పట్టింపు ఇంకాస్త ముదిరింది.

రెండో మనిషి ఒక డ్రైవరు. కల్వకుర్తి వైపు నుంచి వచ్చి నల్గొండలో కిరాయి ఇంట్లో ఉండేవాడు. టీకా మందుల పెట్టెలు మోసే వ్యాను నడిపేవాడు. ఏజెన్సీ మనిషి, అంటే ఔట్‌సోర్సింగ్. ఏజెన్సీ వాళ్లకు పై నుంచి ఒక్క ఫోన్ పోతే మర్నాటి నుంచి అతను డ్యూటీలో ఉండడు, ఎందుకని అడిగే దిక్కూ ఉండదు. ఇద్దరు ఆడపిల్లలు బళ్లో చదువుతున్నారు. అయినా మనిషి మొహాన ఆ దిగులేమీ కనిపించేది కాదు. దేవరకొండ వైపు తండాల్లో ఏ ఇంట్లో పసిపిల్ల ఉందో, ఏ వాగు ఎప్పుడు పొంగుతుందో అతనికి కంఠతా వచ్చు. వ్యాను మరమ్మతుకు వస్తే ఇంటికి పోయి పడుకోవచ్చు కదా, పోయేవాడు కాదు. చాచా పక్కనే ఒక పాత టైరు వేసుకుని కూచుని, ఆయన మాట్లాడకపోయినా తాను మాట్లాడుతూ ఉండేవాడు. చాచాకు అది నచ్చేదే. నచ్చకపోతే టైరు ఎప్పుడో బయటికి దొర్లించేవాడు.

కొత్త జిల్లాలు పడిన తరువాతి రోజులవి. ఒక జిల్లా మూడయింది, ఆఫీసర్లు పెరిగారు, బండ్లు మాత్రం అవే. ఉన్న బండినే ఇటు లాగి అటు లాగి తిప్పేవారు. అలా అరిగి అరిగి ఆ వ్యాను ఇంజన్లోంచి ఒక చప్పుడు మొదలైంది. పొద్దున స్టార్ట్ చేయగానే రేకు డబ్బాలో శనగలు పోసి ఊపినట్టు గరగరమనేది, కాసేపటికి సద్దుకునేది. డ్రైవరు ముందు పట్టించుకోలేదు. చప్పుడు సద్దుకోవడం ఆలస్యమయ్యేసరికి తోలుకొచ్చాడు.

చాచా బానెట్ ఎత్తి, ఒకసారి స్టార్ట్ చేయించి, వెంటనే ఆపమన్నాడు.

“టైమింగ్ చైన్ మోగుతాంది. టెన్షనర్ పోయింది” అన్నాడు.

డ్రైవరు నవ్వాడు. “చాచా, టెన్షనర్ అంటే టెన్షన్ పెట్టేదా, టెన్షన్ తీసేదా?”

“నీ అసుంటోనికి పెట్టేది. జర పక్కకు జరుగు.”

ఈ టెన్షనర్ గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే తరువాతది మీకు అందదు. ఇంజన్లో కింద పిస్టన్లు ఆడతాయి, పైన వాల్వులు తెరుచుకుని మూసుకుంటాయి. పిస్టన్ పైకి వచ్చే వేళకు వాల్వు తప్పుకోవాలి. ఈ రెంటికీ లంకె టైమింగ్ చైన్. ఆ చైన్ వదులు కాకుండా పక్క నుంచి వేలితో నొక్కిపట్టినట్టు ఒక చిన్న ముక్క నొక్కుతూ ఉంటుంది, అదే టెన్షనర్. మగ్గం మీద పడుగు బిగువు తప్పితే ఏమవుతుందో మా ఇళ్లల్లో అందరికీ తెలుసు, ఇదీ అలాంటిదే. దాన్ని తీయడం పెద్ద విద్య కాదు. ఇంజన్‌ను మార్కుకు తెచ్చి ఆపాలి, బోల్టులు ఒకేసారి కాకుండా కొంచెం ఇటు కొంచెం అటు వదులు చేయాలి, స్ప్రింగు తన్నుకు రాకుండా పట్టుకుని బయటికి తీయాలి. అసలు కష్టం తీశాకే ఉంటుంది. టెన్షనర్ బయట ఉన్నంతసేపూ ఆ ఇంజన్ తిరగకూడదు. తిరిగితే చైన్ పళ్లు దాటుతుంది, లంకె తప్పుతుంది, వాల్వులు పోయి పిస్టన్ల మీద పడతాయి.

చాచా టెన్షనర్ తీశాడు. లోపలి పిన్ను పట్టేసి ఉంది, వేలితో నొక్కితే కదలడం లేదు. కొత్తది హైదరాబాదు నుంచి రావాలి. కంతలో దుమ్ము పడకుండా శుభ్రమైన బట్ట కుక్కి, బానెట్ దించేశాడు. బ్యాటరీ టెర్మినల్ తీసి పక్కన పెట్టాడు. అది మా దగ్గర అలవాటే. ఏ బండి అయినా ఒక పూట కంటే ఎక్కువ నిలబడితే బ్యాటరీ దిగిపోకుండా టెర్మినల్ తీసేవాళ్లం. డ్రైవర్లు తమ బండి తీసుకుపోయేటప్పుడు తామే పెట్టుకునేవాళ్లు. ఈ అలవాటును గుర్తుంచుకోండి, తరువాత విచారణలో దీని మాట వచ్చింది.

ఆ రోజు శుక్రవారం. నేను కలెక్టరేటులో బండ్ల లెక్కల మీటింగులో ఉన్నాను. మధ్యాహ్నం అయ్యేసరికి చాచా చేతులు కడుక్కుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని జుమ్మా నమాజుకు బయలుదేరాడు. డ్రైవరు టెన్షనర్ విప్పకముందే అన్నం తినడానికి ఇంటికి పోయాడు, కొత్తది రావాలన్న సంగతి అతనికి తెలియదు. సరిగ్గా అప్పుడే కొత్త ఆఫీసరు ఒకాయన కారు కింద ఆయిల్ కారుతోందని వర్క్‌షాపుకు తెచ్చారు. బండి కిందికి దిగి పని చేసే పిట్ మీద ఈ వ్యాను ఉంది. మా క్లర్కుకు పెద్దల కారు చూస్తే చెమటలు. డ్రైవరుకు ఫోన్ చేసి, వెంటనే వచ్చి వ్యాను పక్కకు తీయమన్నాడు.

అతను వచ్చాడు. బానెట్ దించి ఉంది. దాన్ని చూసి, చాచాకు ఫోన్ చేశాడు. ఆ ఫోన్‌లో నడిచిన మాటలు ఇవి. తరువాత ఇద్దరూ విడివిడిగా నాకు చెప్పారు, ఒక్క అక్షరం తేడా లేదు.

“చాచా, బంద్ చేసినవా?”

“ఆ, బంద్ చేసిన. నమాజ్‌కు పోతున్న.”

అంతే. ఫోన్ పెట్టేశారు.

మా వర్క్‌షాపు భాష సగం ఉర్దూ. ఇంజన్ విప్పితే ‘ఖోలినం’ అంటాం, అన్నీ బిగించి పూర్తి చేస్తే ‘బంద్ చేసినం’ అంటాం. డ్రైవరు అడిగింది అదే, ఇంజన్ బిగించేశావా అని. కానీ బంద్ అంటే పని ఆపడం కూడా కదా. ఊళ్లో దుకాణాలు బంద్, బస్సులు బంద్, నల్లా నీళ్లు బంద్. శుక్రవారం ఆ వేళకు ఎవరు ఫోన్ చేసినా చాచాకు తోచేది ఒకటే, పని ఆపి మసీదుకు బయలుదేరావా అని అడుగుతున్నారని. చేసిన అన్నాడు. ఉన్నమాటే అన్నాడు.

డ్రైవరు టెర్మినల్ పెట్టుకున్నాడు. సీట్లో కూచున్నాడు. సెల్ఫ్ కొట్టాడు.

అక్కడున్న క్లర్కు చెప్పాడు, ఇనుప పెట్టెలో ఎవరో సుత్తి వేసి దొర్లించినట్టు కటకటా మోగి ఠక్కున ఆగిపోయిందట. మళ్లీ కొట్టబోయిన డ్రైవరు ఎందుకో చెయ్యి వెనక్కి తీసుకున్నాడట. ఆ చెయ్యి తీసుకోవడమే ఇంజన్‌ను కొంతైనా కాపాడిందని తరువాత తెలిసింది.

నేను మీటింగు నుంచి వచ్చేసరికి చాచా పిట్ పక్కన నిలబడి ఉన్నాడు. తెల్లటి చొక్కా మీదే కోటు కూడా వేసుకోకుండా ఇంజన్ మీదికి వంగాడు. మోచేతుల దాకా గ్రీజు. ఆ మనిషి చొక్కాకు మరక అంటడం నేను చూడటం అదే మొదటిసారి. డ్రైవరు గోడకు ఆనుకుని కూచున్నాడు.

“ఏమైంది భాయ్?” అన్నాను.

“వీన్నే అడుగు. ఖుల్లా ఇంజన్ మీద సెల్ఫ్ కొట్టిండు.”

“బంద్ చేసిన అన్నవు గద చాచా” అన్నాడు డ్రైవరు.

“పని బంద్ చేసిన అన్న!”

“పని అని అనలే. బంద్ చేసిన అన్నవు.”

“ఇంజన్ అని నువ్వడిగినవా మరి? అరె, కండ్లు లెవ్వా నీకు? బానెట్ ఎత్తి సూడరాదా?”

ఆ మాటకు డ్రైవరు తల దించుకున్నాడు, కిమ్మనలేదు.

మర్నాడు హెడ్ విప్పి చూశాం. అదృష్టం కొద్దీ వాల్వులను నొక్కే రాకర్లు ముందు విరిగి, చాలా వాల్వులను కాపాడాయి. విరిగిన ముక్కలు ఏరి పళ్లెంలో పెట్టాం. వాల్వులు ఒకటో రెండో వంగాయి, పిస్టన్ల మీద గాట్లు పడ్డాయి. బాగుచేయరానిదేమీ కాదు. అయితే సర్కారు బండి, వర్క్‌షాపులో, మా కళ్లముందే పాడైంది. పైగా ఆ రోజు పిట్ కోసం ఎదురుచూసిన ఆఫీసరు ఎండలో చాలాసేపు నిలబడి, ఆ కోపంతోనే పైకి ఫిర్యాదు పెట్టాడు. విచారణకు హైదరాబాదు నుంచి ఒక ఆఫీసరు వస్తున్నాడని ఫోన్ వచ్చింది. బాధ్యుడు ఎవరో తేల్చాలి, ఒక పేరు రాయాలి అన్నారు.

ఆ ఒక్క పేరు ఎవరిదవుతుందో వర్క్‌షాపులో చీపురు పట్టే ఆమెకు కూడా తెలుసు. పర్మనెంట్ మనిషి పేరు రాస్తే ఫైలు, సంజాయిషీ, యూనియన్, నానా తంటా. ఏజెన్సీ డ్రైవరు పేరు రాస్తే ఒక్క ఫోనుతో పని అయిపోతుంది. డ్రైవరుకూ అది తెలుసు. రోజూ వచ్చేవాడు, పనేమీ లేకపోయినా. చాచా పక్కన మాత్రం కూచునేవాడు కాదు. దూరంగా గేటు దగ్గర నిలబడేవాడు. టైరు అక్కడే పడి ఉండేది, చాచా దాన్ని చూసేవాడూ కాదు, తీయించేవాడూ కాదు.

నేను ఇద్దరినీ విడివిడిగా కూచోబెట్టి అడిగాను. పోలీసులాగా, ఎక్కడైనా మాట తప్పుతారేమోనని. తప్పలేదు. ఇద్దరూ అవే మాటలు చెప్పారు. వాళ్లలో ఒక్కడు అబద్ధమాడినా నా పని తేలికయ్యేది. ఇద్దరూ నిజమే చెబుతుంటే ఏం చేయాలో నాకు ఏ ట్రైనింగులోనూ నేర్పలేదు.

“భాయ్, నువ్వు ఏమంటవు విచారణల?” అని చాచాను అడిగాను.

“ఏమంటా? ఉన్నది అంటా. నేను పని ఆపిన అన్న. వాడు సూసుకోవాలె. ఖుల్లా ఇంజనా, బంద్ ఇంజనా అని బానెట్ ఎత్తి సూడనోడు డ్రైవరేంది?”

“నౌకరి పోతది భాయ్ వానిది.”

ఆయన పానా తీసి తుడవడం మొదలుపెట్టాడు.

“నేను తప్పు మాట అనలే” అన్నాడు చివరికి. “గిన్నేండ్లల్ల ఒక్క బండి నా చేతుల పాడు గాలే. గిప్పుడు పొయ్యేముంగట అనిపించుకోవాల్నా?”

నాకు కోపం వచ్చింది. అదే సమయంలో జాలీ వేసింది. ఆ మనిషికి ఉన్న ఆస్తి ఆ పేరే. దాన్ని వదులుకోమని చెప్పే హక్కు నాకెక్కడిది? డ్రైవరును చూసినా గుండె తరుక్కుపోయేది. నేను ఇంట్లో అన్నం ముందు కూచుని కూడా అదే ఆలోచిస్తుంటే, మా ఆమె “ఆ వ్యానును ఇంటికే తెచ్చుకోరాదు, పక్కల పండబెట్టుకుందువు” అని దెప్పింది.

విచారణ రోజు వచ్చింది. ఆఫీసరు చిన్నవాడు, మర్యాదస్తుడు, చదువుకున్న కుటుంబం నుంచి వచ్చినట్టు మాటలోనే తెలుస్తోంది. నా గదిలోనే కూచున్నాడు. నేను, చాచా, డ్రైవరు ఎదురుగా నిలబడ్డాం. కూచోమన్నా చాచా కూచోలేదు, చాచా నిలబడితే డ్రైవరు కూచోలేదు, వాళ్లిద్దరి వల్ల నేనూ నిలబడాల్సి వచ్చింది. నేను జరిగింది జరిగినట్టు చెప్పి, బంద్ అనే మాటకు మా దగ్గర రెండర్థాలున్నాయని వివరించాను.

ఆయన విన్నాడు. “మీరు చెప్పేది బాగానే ఉందండీ. కానీ కింద స్థాయిలో ఈ మాటల గందరగోళం అంటే పైవాళ్లు నమ్మరు. అంత చిన్న మాట దగ్గర పొరపాటు ఎలా పడతారు?”

ఇక్కడ జరిగింది చెబితే నేను కల్పించానంటారు. అప్పుడే బయట ఈదురుగాలి లేచింది. కిటికీ కింద ఆయన కారు ఏసీ కోసం ఇంజన్ ఆడుతూనే ఉంది, ఆ చప్పుడుకు ఆయనకు మా మాటలు సరిగా వినిపించడం లేదు. “ముందు ఆ బండి బంద్ చేయమనండి” అన్నాడు మా అటెండరుతో. అటెండరు కిటికీలోంచి తల బయటపెట్టి, “ఓ డ్రైవరన్నా! బండి బంద్ చెయ్యమంటుండు సారు!” అని అరిచాడు. ఆ కారు డ్రైవరు దుమ్మును చూసి, గబగబా దిగి నాలుగు డోర్లూ తీసి దబదబా వేసి, అద్దాలు ఎత్తి ఉన్నాయో లేదో చుట్టూ తిరిగి చూసి, కిటికీ వైపు దండం పెట్టాడు. ఇంజన్ మాత్రం హాయిగా ఆడుతూనే ఉంది.

ఆఫీసరు కాసేపు కారు వైపు, కాసేపు మా వైపు చూశాడు. తరువాత గట్టిగా నవ్వేశాడు. నేనూ నవ్వాను. చాచా కూడా గడ్డం వెనక నవ్వు దాచుకున్నాడు. గదిలో బిగువు కొంత సడలింది, ఇంక గండం గడిచిందనే అనుకున్నాను.

నవ్వు అయిపోయాక ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“నమ్ముతున్నాను. నిజంగానే నమ్ముతున్నాను. అయినా రిపోర్టులో మాటను బాధ్యుణ్ణి చేయలేను కదా. ఒక పేరు కావాలి.” డ్రైవరు వైపు తిరిగాడు. “చూడు బాబూ, ఒకటి చెప్పు. ఆయన ఏమన్నాడో పక్కన పెట్టు. టెర్మినల్ పెట్టేముందు బానెట్ ఎత్తావు కదా, బ్యాటరీ అక్కడే ఉంటుంది కదా. అప్పుడు ఒక్కసారి ఇంజన్ వైపు చూడలేకపోయావా?”

“గీ బండికి బ్యాటరీ సీటు కింద ఉంటది సార్. బానెట్ ఎత్తే పని లేదు.”

“సరే. స్టార్ట్ చేసేముందైనా ఎత్తి చూడాలి కదా? మరమ్మతులో ఉన్న బండి అది.”

అదే ప్రశ్న. చాచా మొదటి రోజు నుంచీ అడుగుతున్నది, డ్రైవరు ఒక్కసారి కూడా జవాబివ్వనిది. అతను నేల చూస్తూ నిలబడ్డాడు. తరువాత తల ఎత్తాడు, ఆఫీసరు వైపు కాదు, చాచా వైపు.

“ఎన్నడు ఎత్తి సూడలే సార్. చాచా అయింది అంటే అయినట్టే. ఇన్నేండ్లల్ల ఒక్కసారి గూడ సూడలే. ఆయన చెప్పినంక గూడ నేను ఎత్తి సూస్తే, ఆయన్ని నమ్మనట్టు గద. తప్పు నాదే. నా పేరే రాయుండ్రి.”

చాచా మొహంలోకి చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. ఇన్ని రోజులూ ఆయన ఆ ప్రశ్నను తిట్టులాగా వాడాడు. దానికి ఇలాంటి జవాబు ఉంటుందని ఆయన ఊహించలేదు. నేనూ ఊహించలేదు.

“సార్” అన్నాడు చాచా. “వాని పేరు రాయకుండ్రి. నాది రాయుండ్రి.”

“మీరన్న మాటలో తప్పు లేదని మీ ఫోర్‌మన్ గారు ఇప్పుడే చెప్పారు కదా?”

“మాట తప్పు లేదు. పని తప్పు. టెన్షనర్ తీసినప్పుడు స్టీరింగుకు ఎర్రబట్ట కట్టాలె. మా వర్క్‌షాప్ రూలు. ఖుల్లా ఇంజన్ ఉంటే ఎర్రబట్ట. నేను కట్టలే. కట్టి ఉంటే వీడు తాళం ముట్టుకోకపోతుండె. గది రాయుండ్రి.”

ఎర్రబట్ట? నేను ఆయన వైపు తెల్లబోయి చూశాను. నేను చేరినప్పటి నుంచి ఆ వర్క్‌షాపులో స్టీరింగుకు ఎవరూ ఏ బట్టా కట్టిన పాపాన పోలేదు. అలాంటి రూలు కాగితం మీద లేదు, నోటిమాటగానూ లేదు. ఆ నిమిషాన ఆయన నోట్లో పుట్టింది. అబద్ధం ఆడటం రాని మనిషి ఆడిన అబద్ధం కాబట్టి, మరీ నిజంలా ఉంది.

డ్రైవరుకూ అర్థమైంది. “చాచా, గట్లెందుకు...” అని ఏదో అనబోయాడు.

“నువ్వు సప్పుడు జెయ్యకు” అన్నాడు చాచా.

ఆఫీసరు నా వైపు తిరిగాడు. “ఫోర్‌మన్ గారూ, అలాంటి రూలు ఉందా?”

నా మొత్తం ఉద్యోగంలో నేను సంతోషంగా ఆడిన అబద్ధం అదొక్కటే.

“ఉంది సార్” అన్నాను. “మొదటి నుంచీ ఉంది.”

ఆయన మా ముగ్గురినీ ఒకసారి చూశాడు. ఆయనకు తెలియలేదంటారా? తెలిసే ఉంటుందని నా నమ్మకం. కిటికీలోంచి బయట ఆడుతున్న తన కారును ఇంకోసారి చూసి, ఏదో రాసుకుని, టీ ఉందా అని అడిగాడు.

మర్నాడు పొద్దున నేను చేసిన మొదటి పని బట్టల దుకాణానికి పోయి ఎర్ర గుడ్డ కొనడం. ముక్కలు చింపి, విప్పిన ప్రతి బండి స్టీరింగుకూ కట్టించాను. ఈమధ్య ఆ దారిన పోతూ లోపలికి తొంగిచూస్తే ఇంకా కడుతున్నారు. ఎప్పటి నుంచి ఈ పద్ధతి అని ఏమీ ఎరగనట్టు అడిగితే, నిజాం కాలం నుంచి ఉందన్నాడు ఒక కొత్త మెకానిక్. నేను తలూపి వచ్చేశాను.

వ్యాను గురించి కూడా చెప్పాలి. కొత్త టెన్షనర్ వచ్చాక చాచాయే బిగించాడు. పిన్ను లోపలికి నొక్కి, లాక్ చేసి, కూచోబెట్టి, బోల్టులు సమంగా బిగించి లాక్ వదిలాడు. తరువాత స్పానర్‌తో ఇంజన్‌ను చేత్తో తిప్పి మార్కులు కలిశాయో లేదో చూడాలి. అప్పుడు డ్రైవరును పిలిచి స్పానర్ అతని చేతిలో పెట్టాడు. “మెల్లగ తిప్పు. యాడనన్న పట్టినట్టయితే ఆపు” అన్నాడు. అతను తిప్పుతుంటే తాను పైన మార్కులు చూశాడు. ఎక్కడా పట్టలేదు. అతను సెల్ఫ్ కొట్టబోయేముందు “జర ఆగు” అని, చాచా స్వయంగా బానెట్ ఎత్తి, “సూడు” అన్నాడు. డ్రైవరు చూడనన్నాడు. ఇద్దరూ కాసేపు దాని గురించే పోట్లాడుకున్నారు. ఆ పోట్లాట విని నా ప్రాణం కుదుటపడింది.

కొన్నాళ్లకు పై నుంచి కాగితం వచ్చింది. నిర్లక్ష్యం వహించినందుకు చాచాను మందలిస్తూ మెమో. డ్రైవరు పేరు అందులో ఎక్కడా లేదు. మెమోను ఆయన చేతికి ఇవ్వాల్సింది నేనే. నాకు చెయ్యి రాలేదు, నాలుగు రోజులు సొరుగులో పెట్టుకుని తిరిగాను. చివరికి ఇచ్చాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివాడు, మడత పెట్టి కోటు జేబులో పెట్టుకున్నాడు, పనిలోకి పోయాడు. ఆ రోజంతా నేను ఆయన దగ్గరికి పోలేదు.

ఆయన రిటైరయ్యాక రంజాన్ పండుగకు మమ్మల్ని ఇంటికి పిలిచాడు. నేను, ఆ డ్రైవరు కలిసే పోయాం. అతను అప్పటికీ అదే వ్యాను నడుపుతున్నాడు. షీర్ ఖుర్మా తాగుతూ గోడ వైపు చూస్తే, మక్కా పటం పక్కన అద్దాల ఫ్రేములో ఆ మెమో ఉంది. సర్వీసులో ఆయనకు వచ్చిన మెచ్చుకోలు పత్రాలు కొన్ని ఉన్నాయని నాకు తెలుసు. అవేవీ గోడ మీద లేవు.

“ఏంది భాయ్ ఇది? మెమోను ఎవరన్న గోడకు పెట్టుకుంటరా?” అన్నాను. నాకు నిజంగానే బాధగా ఉంది. డ్రైవరైతే గిన్నె కింద పెట్టేసి, దాన్ని తీసెయ్యమని బతిమాలాడు.

చాచా లేచిపోయి ఫ్రేము మీది దుమ్ము అంగీ అంచుతో తుడిచాడు.

“గిన్నేండ్లు బండి నడిపిండు గద వీడు. సర్కారు వీనికి ఒక్క కాయితం ఇచ్చిందా? ఇయ్యలే. గిదొక్కటే ఇచ్చింది. నా పేరు మీద ఇచ్చింది గాని, ఇది మెమో గాదు సాబ్. వీని నౌకరి ఆర్డరు.”